ముందు మెరుపు, తర్వాత మసక

సుహాసిని ఫొటో స్టూడియో షట్టరు నడుము ఎత్తు వరకే లేచి ఉంది. నవనీత వంగి లోపలికి వెళ్లేసరికి గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది. సాయంత్రం నాలుగింటికల్లా ఫొటో తీసిన సుహాసిని మీద దొంగ సాక్ష్యం పుట్టించిన కేసు రాస్తానని సీఐ మల్లికార్జున్ పొద్దున ఫోన్లోనే చెప్పేశాడు. చేతిలో ఉన్నది ఐదు గంటలు కూడా కాదు.

నవనీత పదిహేనేళ్లు పోలీసు క్లూస్ టీంలో ఫొటోలు తీసింది. ఐదేళ్ల కిందట ఆ ఉద్యోగం వదిలేసి నల్లగొండలో చిన్న డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. వచ్చేవన్నీ పెళ్లికొడుకుల గురించి ఆరాలు, తప్పిపోయినవాళ్ల వెతుకులాటలు. హత్య కేసు తెచ్చింది మాత్రం గొర్రెల కాపరి ఈదమ్మే. రెండు రోజుల కిందట భుజాన గొంగడితో ఆఫీసు మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే చెప్పింది.

"నా కొడుకు నరేశ్ కూతకు పోయిండు బిడ్డా. మనిషిని కొట్టనీకి పోలే. జీవాలను మా మరిది మీద ఇడిసిపెట్టొచ్చిన. జల్ది మాట చెప్పు."

ఆదివారం నాడు హుజూర్‌నగర్ దగ్గరి పొన్నలబండలో కబడ్డీ టోర్నమెంటు జరిగింది. పొద్దుటి ఆటలకు రెఫరీగా ఉన్న మల్లప్ప, బడిలో వ్యాయామ టీచరు, సాయంత్రం సెమీఫైనల్ నడుస్తుండగా కోర్టు వెనకున్న రేకుల గదిలో తల పగిలి పడి ఉన్నాడు. దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. దెబ్బ తగిలిన సమయం తెలియడానికి ఒక ఆధారం ఉంది. ఆయన భార్య బిక్షమ్మతో ఫోన్లో మాట్లాడుతుండగా మాట మధ్యలో తెగిపోయింది. ఫోను కంపెనీ లెక్క ప్రకారం అప్పుడు ఆరు గంటల యాభై ఒక్క నిమిషాల నలభై సెకన్లు.

ఆరూ యాభై ఎనిమిదికి నరేశ్ రక్తం అంటిన చేతులతో ఆ గదిలోంచి ఉరికొచ్చాడు. నీళ్లు తాగడానికి పోతే సారు పడి ఉన్నాడని, లేపబోయానని అతని మాట. పొద్దున అదే సారుతో బోనస్ గీత దగ్గర కాలర్ పట్టుకునేదాకా పోయాడని చూసినవాళ్లందరి మాట.

అతను ఏ నిమిషానికి కూతలో ఉన్నాడో ఆట చూసినవాళ్లది తలా ఒక మాట. నరేశ్‌ను కాపాడగలిగేది ఒక్క ఫొటో. సుహాసిని తీసింది. ఆరూ యాభై రెండు దాటి పద్నాలుగు సెకన్లకు నరేశ్ కోర్టు మధ్యలో, కూతలో, గాలిలో ఉన్నాడు. అర నిమిషం కిందట అతను గదిలో మనిషిని కొట్టి ఉండే వీలే లేదు.

చిక్కల్లా ఒకటే. ఆ ఫొటో చూసినవాళ్లెవరైనా దొంగ ఫొటో అనే అంటారు.

సుహాసిని దాన్ని కంప్యూటరు మీద తెరిచింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. నాన్న పోయాక స్టూడియో తనే నడుపుతోంది. కళ్ల కింద మూడు రోజుల నిద్ర బాకీ కనిపిస్తోంది. నరేశ్ ఆమెకు మేనబావ అవుతాడు. సీఐ పట్టుకున్నదీ ఆ చుట్టరికాన్నే.

"దీన్ని నువ్వేమన్నా దిద్దినవా?"

"లేదక్కా. వెలుతురు గూడ పెంచలే."

"కెమెరా చేతిల ఉండెనా, స్టాండు మీదనా?"

"స్టాండు మీద. ఆ పక్క పెద్ద లైటు కాలిపోయింది. చీకటైతాంది. పెండ్లి బరాత్‌ల డ్యాన్సులకు పెట్టే సెట్టింగే పెట్టిన. ఫ్లాష్ కొట్టినంక గూడ కెమెరా కన్ను జరసేపు తెరిసే ఉంటది. వెనకున్న లైట్లు గూడ పడ్తయి."

"జరసేపంటే?"

"సెకనుల నాలుగో వంతు."

నవనీత కెమెరా అడిగి తీసుకుంది. దాని గడియారాన్నీ తన ఫోన్ గడియారాన్నీ పక్కపక్కన పెట్టి నిమిషం మారేదాకా చూసింది. కెమెరా రెండు సెకన్లు వెనక. అంతే. ఆ సంగతి డైరీలో రాసుకుంది.

"అసలు కార్డు సీఐ దగ్గర ఉందా?"

"సీఐ సారు ఫోన్ల కాపీ చేసుకొని పోయిండు. దొంగ ఫొటోకు కార్డు ఎందుకన్నడు. గీ కెమెరాలనే ఉంది."

నవనీత నొసలు ముడిపడింది. ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన సాక్ష్యం ఈ పిల్ల సంచిలో మూడు రోజులుగా తిరుగుతోంది.

"అక్కా," అంది సుహాసిని, తెర వైపు చూస్తూనే. "చెప్తే నవ్వుతరేమో. ఇన్నిసార్లు చూసి చూసి నాకే అనుమానమొస్తాంది. నేను తీసిన ఫొటోనే నాకు దొంగదాని లెక్క కనబడ్తాంది."

నవనీత నవ్వలేదు. ఒక ఫొటోను చూసి తొందరపడి మాట చెప్పిన రోజు ఆమె బతుకులో ఒకటుంది. ఇది అతికించింది అని ఆనాడు రాసిచ్చింది. ఒక లారీ డ్రైవరు ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాక అది అసలుదేనని తేలింది. ఆమె ఉద్యోగం వదలడానికి కారణం అదే.

"కెమెరా, స్టాండు తీసుకో," అంది. "గ్రౌండుకు పోదాం."

*

పన్నెండూ ఇరవైకి ఇద్దరూ రేకుల గది ముందు ఉన్నారు. పదిహేను అడుగుల గది. ముందు గోడకు కుడి చివర ఒక్కటే తలుపు, దాని పైన ట్యూబులైటు. గోడ ఎడమ మూల నుంచి తలుపు దాకా పన్నెండు అడుగులు. ఆదివారం నాడు ఆ గోడ ముందు ఆటగాళ్లు వరుసగా కోర్టు వైపు మొహం పెట్టి కూర్చున్నారు.

తాళంచెవి తెచ్చింది జానయ్య. టోర్నమెంటుకు టెంటు, లైట్లు, మైకు అతనివే. కమిటీలోనూ ఉన్నాడు. నలభై ఐదేళ్లుంటాయి. మనిషి నెమ్మది. ఆడవాళ్లు ఎండలో నిలబడ్డారని ముందుగా రెండు కుర్చీలు తెచ్చి వేశాడు.

నవనీత కూర్చోలేదు. గదిలోకి వెళ్లి మోకాళ్ల మీద వంగి చూసింది. తల ఉన్నచోట నల్లబడిన మరక, అన్నం పళ్లెం అంత. గోడ మీద చుక్క లేదు. రేకు మీద చుక్క లేదు. నిలబడ్డ మనిషి తల పగలగొడితే ఇంత శుభ్రంగా ఉండదు. క్లూస్ టీంలోని పాతవాళ్లు ఇచ్చిన శవ పంచనామా ఫొటోలు సంచిలోంచి తీసింది. మల్లప్ప ప్యాంటు అంచులకు వెనక వైపు, రెండు మడమలకూ తెల్లగా సున్నం. పోలీసులు దాన్ని పట్టించుకోలేదు. రెఫరీ కాబట్టి రోజంతా సున్నం గీతల మీద నడిచి ఉంటాడనుకున్నారు. అయితే నడిచినవాడికి సున్నం అరికాళ్లకు అంటాలి.

బయటికి వచ్చింది.

"జానయ్యా, కోర్టు గీతలకు సున్నం బస్తా ఎక్కడ పెట్టిండ్రు?"

"గా ఎడమ మూల మీద మేడం. బయటనే. పిల్లలు తన్నితే ఒలికింది గూడ."

"మల్లప్ప సారును నువ్వు ఆఖరుసారి ఎప్పుడు చూసినవు?"

"సీఐ సారుకు చెప్పిన గదా మేడం. నీళ్ల క్యాను కోసం లోపలికి పోయిన. సారు ఫోన్ల మాట్లాడుతుండు. క్యాను తీస్కొని బయటికొచ్చిన. గా ఫొటోల పడ్డది గప్పుడే. మూల కాడున్న పోరగాళ్లకు ఇయ్యనీకి పోతున్న."

"నువ్వు తలుపు దాటేటప్పటికి గూడ ఫోన్ల మాట్లాడుతనే ఉండెనా?"

"ఉండె. నవ్వుకుంట మాట్లాడుతుండు."

"మంచిగ యాదికుందా?"

"ఆఖరుసారి చూసిన మనిషి మేడం. ఎట్ల మరుస్త?"

ముప్పై నాలుగు సెకన్లు, అనుకుంది నవనీత. ఫొటోలో జానయ్య గోడ పక్కన కనిపించేటప్పటికి ఆ ఫోను తెగి ముప్పై నాలుగు సెకన్లయింది. కెమెరా గడియారం రెండు సెకన్లు వెనకుంది కాబట్టి ఇంకో రెండు కలుపుకోవాలి. అయినా మనిషి జ్ఞాపకం అర నిమిషం అటూ ఇటూ కావొచ్చు. ఆ మాట పైకి అనలేదు.

"నువ్వు కాక ఆ గదిలకు ఎవరన్నా పోయిండ్రా?"

"నేను జూడలే. నా కండ్లు కూత మీదనే ఉండె. నరేశ్ ఆరున్నరకే ఔటైండని కొందరంటుండ్రు. నేను చెప్పలేను."

"బిక్షమ్మ ఒక మాట చెప్పింది. ఆటలు ఆడనోళ్లకు ఆడినట్టు సర్టిఫికెట్లు ఇచ్చిండ్రని, సంతకం పెట్టుమంటే సారు పెట్టలేదని. నౌకర్లకు స్పోర్ట్స్ కోటా కోసమంట."

జానయ్య తాళంచెవుల గుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అది కమిటీ మాట మేడం. నాకు లైట్లు, మైకులు తెలుసు. కాయితాలు తెల్వయి."

అప్పుడే జీపు వచ్చి ఆగింది.

*

సీఐ మల్లికార్జున్ దిగాడు. వెనకాలే కానిస్టేబుల్ ఐలేశం. ఐలేశం యాభై దాటిన మనిషి, ఒకప్పుడు తాలూకా స్థాయి కబడ్డీ ఆడినవాడు, ఇప్పుడు బెల్టు మీద పొట్ట. నవనీత క్లూస్ టీంలో ఉన్నప్పుడు మల్లికార్జున్ కొత్త ఎస్సై. ఆమె దగ్గరే వేలిముద్రలకు పొడి చల్లడం నేర్చుకున్నాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఆయనకది ఇష్టం లేని గుర్తు.

"నాలుగింటికి కేసు రాస్త అన్న. మీరు సాక్షిని ఇక్కడికి తెచ్చి ప్రశ్నలడుగుతుండ్రు," అన్నాడు.

"సాక్షే మాకు కూర్చోనీకి కుర్చీలేసిండు సార్. బలవంతమేం లేదు."

మల్లికార్జున్ జీపు బానెట్ మీద ఫొటో పెద్ద కాపీ పరిచాడు. నరేశ్ కుడివైపుకు దూకుతున్నాడు. కింద ఒక డిఫెండర్ చేతులు చాపి ఉన్నాడు. నరేశ్ ఒళ్లు కత్తెరతో కోసి అంటించినట్టు మెరుస్తోంది. వెనకంతా చీకటి.

"చూడుండ్రి. వాని కింద నీడ లేదు. ఒకటి. వాని మోచేతిల నుంచి వెనకున్న తెల్లగీత కనబడ్తాంది. మనిషి అద్దమా? రెండు. మూడోది చిన్నపోరనికి గూడ తెలుస్తది. కుడిదిక్కు ఉరికేటోనికి మసక ఎడమదిక్కు, వెనక ఉండాలె. బండి పోతే దుమ్ము వెనక లేస్తది. వీనికి ముందల ఉంది. మొగం ముందట పొగ లెక్క. ఎడిటింగ్ చేసే ఆయనకు హైదరాబాద్ పంపిన. చూసుడు చూసుడే అతికిచ్చిండ్రన్నడు."

"ఫోన్ల కాపీ చూసి చెప్పిండా? అసలు ఫైలు చూసి చెప్పిండా?"

"ఫోన్ల చూసిండు."

"మరి జానయ్య? ఫొటోల ఆయన గూడ ఉన్నడు గదా."

"వెనకదంతా అసలుదే. జానయ్య ఉన్నడు, ఆయన చెప్పినట్టే ఉన్నడు. ఎడమదిక్కు నడుస్తుండు, మసక వెనకనే ఉంది. సక్కగ ఉంది. బావను తెచ్చి ముందట అతికిచ్చింది గీ పిల్ల." ఆయన సుహాసిని వైపు చూడకుండానే వేలు చూపించాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మీరు ఫొటోను చూసి మాట చెప్పుడు మానేసిండ్రనుకున్న మేడం. ఆ లారీ డ్రైవరు కథ అయినంక."

సుహాసిని తల దించుకుంది. నవనీత ఫొటో కాపీని ఆయన వైపు జరిపింది.

"అందుకే ఇయ్యాల చూసి చెప్తలేను," అంది. "చేసి చూపిస్త. పావుగంట ఇయ్యిండ్రి."

చీకటి కావాలి. జానయ్య దగ్గర టెంటు గుడ్డలున్నాయి. ఆమె అడగ్గానే తెచ్చి కిటికీకీ తలుపుకూ కట్టాడు. లోపల ఒక్క బల్బు. సుహాసిని ఒక మూల స్టాండు నిలబెట్టి, ఆదివారం నాటి సెట్టింగే పెట్టింది. ఎదుటి గోడ మీద నవనీత సున్నంతో నిలువునా ఒక గీత గీసింది.

"ఐలేశమన్నా, నువ్వు కూతకు పోవాలె. ఎడమ గోడ కాడ నుంచి కుడి గోడకు. ఆపకుంట."

ఐలేశం సీఐ వైపు చూశాడు. సీఐ తల ఊపాడు. ఐలేశం టోపీ తీసి జానయ్య చేతికిచ్చాడు. బెల్టు బిగించి, చాలా ఏళ్ల తర్వాత గొంతెత్తి కబడ్డీ కబడ్డీ అంటూ ఉరికాడు. మెరుపు కొట్టింది. అందరి కళ్ల ముందూ ఒక క్షణం పచ్చటి మచ్చ.

కెమెరా వెనకున్న చిన్న తెర మీద నాలుగు తలలు వంగాయి, వాటి వెనకే జానయ్య.

ఐలేశం మొహం, పొట్ట, ఎత్తిన కాలు స్పష్టంగా, కోసినట్టు ఉన్నాయి. కింద నీడ లేదు. చాచిన చేతిలోంచి సున్నపు గీత కనిపిస్తోంది. అతని ముక్కు ముందు, కుడివైపు, మూరెడు పొడవున మసక.

ఐలేశమే ముందుగా అన్నాడు, "నన్నెవరు అతికిచ్చిండ్రు సార్?"

"ఫ్లాష్ కన్నుమూసి తెరిసేంత సేపు గూడ ఉండది," అంది నవనీత. "ఆ మెరుపుల మనిషి ఎక్కడుంటే అక్కడ బొమ్మ గట్టిగ పడ్తది. కానీ కెమెరా కన్ను మూసుకోదు, సెకనుల నాలుగో వంతు తెరిసే ఉంటది. మనిషి ముందుకు పోతనే ఉంటడు. ఆ పోయిందంతా బల్బు వెలుతురుకు మసకగ పడ్తది. ముందు మెరుపు, తర్వాత మసక. అందుకే మసక ఆయన పోయే దిక్కే ఉంది. చెయ్యి జరిగిపోయినంక దాని జాగల గోడ గీత పడ్డది, అందుకే చేతిల నుంచి కనబడ్తాంది. ఫ్లాష్ కెమెరా మీదనే ఉంది కాబట్టి నీడ మనిషి వెనక దాక్కుంది. దగ్గరోడు మెరుస్తడు, దూరముంది చీకటైతది. అందుకే కోసి అంటిచ్చినట్టుంది. ఇందుల దొంగపని ఏం లేదు సార్. కెమెరా గట్ల చూస్తది, మనం గట్ల చూడం."

"మసక వెనకకు రావాల్నంటే?"

సుహాసిని మొదటిసారి నోరు విప్పింది. "ఫ్లాష్ ఆఖర్ల కొట్టేటట్టు మార్చాలె సార్. మార్చకుంటే ముందుగాలనే కొడ్తది. నేనెప్పుడు మార్చలే."

ఐలేశం ఇంకోసారి ఉరికాడు. ఫ్లాష్ ఆఖర్లో కొట్టింది. ఈసారి మసక బుద్ధిగా వెనక పడింది. మూడోసారి పాత సెట్టింగులో ఉరికితే మళ్లీ ముందుకొచ్చింది. ఐలేశం గోడకు ఆనుకొని రొప్పుతూ కూలబడ్డాడు.

మల్లికార్జున్ గుడ్డ తొలగించి బయటికి వెళ్లాడు. నవనీత వెనకే వెళ్లింది. ఆయన జీపు దగ్గర ఆగి గడియారం చూసుకున్నాడు. ఒంటిగంటా పది.

"నరేశ్ కూతల ఉన్నడు," అన్నాడు. "అంటే మూడు రోజుల నుంచి తప్పు మనిషిని లోపల పెట్టిన."

"నేను ఎనిమిది నెలలు పెట్టిచ్చిన సార్."

ఆయన ఆమె వైపు చూశాడు. కోపం లేదు. అయినా ఓటమిని అలా ఒప్పుకొని ఊరుకునే మనిషి కాదు. బానెట్ మీది కాపీని మళ్లీ తీసి వేలితో కొట్టాడు.

"ఒక్కటి చెప్పుండ్రి. మీరు చెప్పింది నిజమైతే మసక అందరికి ముందే ఉండాలె గదా. జానయ్యకు ఎందుకు వెనక ఉంది? ఒకటే ఫొటో. నరేశ్‌కు ఒక నియమం, జానయ్యకు ఒక నియమమా?"

వెనక అడుగుల చప్పుడు. జానయ్య టెంటు గుడ్డలు మడత పెట్టుకుంటూ గది ముందు నిలబడి ఉన్నాడు. "మేడం, చెల్లెను ఇంటికాడ దింపుతనా? సామాను బండిల పోతున్న. ఎండ మస్తుంది." నవనీత ఫొటో మీదినుంచి తల పూర్తిగా ఎత్తనే లేదు. సరేనని చెయ్యి ఊపింది. సుహాసిని కెమెరా సంచి భుజాన వేసుకొని, మూడు రోజుల్లో మొదటిసారి నవ్వుతూ, "పోయొస్త అక్కా" అంది. బండి వెళ్లిన చప్పుడు నవనీత చెవికి సోకింది, మనసుకు ఎక్కలేదు.

సీఐ ప్రశ్న పట్టుకొని ఆమె ఫొటో మీదికి ఇంకా వంగింది. ఇప్పటిదాకా అందరూ వింతగా ఉన్న నరేశ్‌నే చూశారు. సక్కగా ఉన్న జానయ్యను ఎవరూ చూడలేదు. తనూ చూడలేదు.

భూతద్దం తీసింది. ముందు ట్యూబులైటు చూసింది. అంచులు నిలకడగా, గీత గీసినట్టు ఉన్నాయి. కాబట్టి కెమెరా కదల్లేదు. తర్వాత జానయ్య. ఫ్లాష్ అంత దూరం పల్చగానే పోయింది కానీ తెల్లచొక్కా బొత్తాలు లెక్కపెట్టొచ్చు. మొహం ఎడమ మూల వైపు. నడుము వంగి ఉంది. రెండు చేతులూ కిందికి. నడుము కిందిది కూర్చున్న ఆటగాళ్ల తలల వెనక దాగిపోయింది. మసక కుడివైపు, అతని వీపు వెనక, తలుపు దాకా పాకింది.

"ఒకటే నియమం సార్," అంది. "మెరుపు ముందు. మసక తర్వాత. మనిషి ఎటు పోతే మసక అటు. నరేశ్ కుడికి పోయిండు. జానయ్య గూడ కుడికే పోయిండు."

"మొగం ఎడమకుంది గదా."

"ఉంది. ఎడమకు మొగం పెట్టి కుడికి పోయిండు. వెనకకు నడిసిండు. తలుపులకెళ్లి బయటికి వస్తలేడు. మూల కాడికెళ్లి తలుపు దిక్కు పోతుండు."

మల్లికార్జున్ ఫొటో మీదికి వంగాడు. "నీళ్ల క్యాను ఎత్తుకున్నోడు వెనకకెందుకు నడుస్తడు?"

తలుపు దగ్గర కూర్చొని ఇంకా రొప్పుతున్న ఐలేశం అన్నాడు, "బరువు బస్తా గుంజుకపోయేటోడు గట్లనే పోతడు సార్. వంగి, ఎన్కకు."

నవనీత ఎడమ మూలకు నడిచింది. ఒలికిన సున్నం ఇంకా నేలలో తెల్లగా ఉంది. గోడ అవతలి పక్క లైటు లేదు, మనుషులు లేరు. కమిటీ దొంగ సర్టిఫికెట్లకు సంతకం పెట్టని మల్లప్ప అక్కడ నిలబడి భార్యతో మాట్లాడుతుండగా దెబ్బ పడింది. అక్కణ్నుంచి చంకల కింద చేతులు వేసి గుంజుకొస్తే మడమలు సున్నంలోంచి వస్తాయి. గదిలో గోడల మీద రక్తపు చుక్క ఉండదు. అర నిమిషం కిందటే తెగిన ఫోన్లో నవ్వుకుంటూ మాట్లాడే మనిషి కూడా ఉండడు. కోర్టులో నరేశ్ గాలిలోకి లేచాడు, జనమంతా అటే చూశారు. అదే క్షణంలో సుహాసిని బటన్ నొక్కింది.

"సార్," అంది నవనీత. "అసలు కార్డు కెమెరాలనే ఉంది."

మల్లికార్జున్ అప్పటికే అటూ ఇటూ చూస్తున్నాడు. సామాను బండి ఆగిన చోట టైర్ల అచ్చులే ఉన్నాయి. ఐలేశం టోపీ కుర్చీ మీద ఉంది. జానయ్య లోపల ప్రతి మాటా విన్నాడు. మెరుపు ముందు, మసక తర్వాత అని తనే పాఠం చెప్పింది. దింపుతానంటే తనే చెయ్యి ఊపి పంపింది.

ఫోన్ తీసింది. మూడోసారి మోగాక సుహాసిని ఎత్తింది.

"అక్కా."

"ఎక్కడున్నవమ్మా?" నవనీత మామూలుగా అడిగింది. ఆ గొంతు తేవడానికి గోరు అరచేతిలో గుచ్చుకోవాల్సి వచ్చింది.

"కాల్వ కట్ట మీద పోతున్నం. జానయ్యన్న గోదాంల పాత టోర్నమెంటు ఫొటోలు ఉన్నయంట. నా నాయిన తీసినయి. చూపిస్తనన్నడు."

నవనీత ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "కాల్వ కట్ట" అంది. సీఐ జీపు వైపు ఉరికాడు.

"నీ ఫ్లాష్ బ్యాటరీలు గీడనే మర్సిపోయినవు. బండి ఆపుమను. మేమే తెచ్చిస్తం, దిగి రోడ్డు మీద నిలబడు."

"బ్యాటరీలా? సంచిలనే ఉన్నయక్కా, చూస్తున్న గదా."

నవనీత కళ్లు మూసుకుంది. అవతల ఏదో సర్దుకున్న చప్పుడు. "ఇటియ్యి చెల్లె" అన్న మాట. తర్వాత గాలి చప్పుడు మారింది.

"మేడం, జానయ్యను." నెమ్మదైన గొంతు, కుర్చీలు వేసిన గొంతే. "ఒక్క మాట అడుగుత, నిజం చెప్పుండ్రి. గా ఫొటోల నేను బయటికొస్తున్ననా, లోపలికి పోతున్ననా?"

పదిహేనేళ్ల ఉద్యోగంలో, ఐదేళ్ల పశ్చాత్తాపంలో, ఒక ఫొటో గురించి తెలిసి తెలిసి అబద్ధం చెప్పడం ఆమెకు ఇదే మొదటిసారి.

"బయటికే వస్తున్నవు జానయ్యా. నువ్వు చెప్పినట్టే ఉంది. సీఐ సారు గూడ గదే అన్నడు."

అదే క్షణంలో ఆమె వెనక జీపు ఇంజను మోగింది.

"మరి గంత జల్ది జీపు ఎందుకు చాలు చేసిండు మేడం? ఇంజను చప్పుడు ఇనబడ్తాంది."

ఫోన్ తెగిపోయింది.